గుట్ట దిగిన తక్కెడ

మనిషి లావును చెప్పడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో కాశింవలికి తెలుసు. అవి తనకు తెలుసన్న సంగతి నలుగురికీ తెలియడం లేదే అన్నదే అతని బాధ.

కర్నూలు కాలేజీలో బి.ఏ. చదివినవాడు. చదువయ్యాక ఉద్యోగం వెతకలేదు. నేరుగా హుస్సేన్‌పీరా ఉండే గుట్ట ఎక్కి, ఆయన పాదాల దగ్గర కూర్చుని, "బాబా, నన్ను ఉంచుకోండి" అన్నాడు. గుట్ట మీది దర్గాకు హుస్సేన్‌పీరా పెద్ద. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన్ని పీరయ్య తాత అంటాయి. భారీ మనిషి. ఆయన జుబ్బాలో ఇద్దరు పడతారని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. వచ్చిన కుర్రాణ్ణి ఆయన చదువు సంగతి అడగలేదు. "నీళ్ళు మోయగలవా బేటా?" అని మాత్రం అడిగాడు.

మోశాడు కాశింవలి. రొట్టెలు కాల్చాడు, వసారా ఊడ్చాడు, గోరీల మీద చాదర్లు మార్చాడు. ఎన్ని చేసినా లోపల ఒక వెలితి. కాలేజీలో నేర్చిన ఇంగ్లీషంతా పెట్టెలో పెట్టిన పెళ్ళిబట్టల్లా పడి ఉంది. గుట్ట మీద దాన్ని తొడుక్కుని తిరిగే సందర్భం రాలేదు.

ఆ దర్గాలో ఒక మొక్కు ఉంది. కష్టం గట్టెక్కితే మనిషెత్తు బెల్లం ఇస్తామని మొక్కుకుంటారు. అందుకని వసారాలో పెద్ద తక్కెడ ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఇనుప దండె, దానికి రెండు వైపులా గొలుసులతో కట్టిన చెక్క పలకలు. గురువారం నాడు, ఎవరి ఎత్తు మొక్కుకున్నారో ఆ మనిషి ఒక పలక మీద కూర్చుంటాడు. రెండో పలక మీద బెల్లం దిమ్మెలు పేరుస్తారు. దండె సమంగా నిలిస్తే మొక్కు చెల్లినట్టు. ఆ బెల్లాన్ని రొట్టెల్లో కలిపి నలిపి, మలీద ముద్దలు చేసి, వచ్చిన వాళ్ళందరికీ పంచుతారు. ఎవరు ఏ కులమని అడిగేది లేదు.

అందుచేత ఆ తక్కెడ దగ్గర చిన్నబోయేవాళ్ళు ఎవరైనా ఉంటే బక్కపల్చని వాళ్ళే. ఒళ్ళున్న మనిషి కూర్చున్నాడంటే ఆ వారం ముద్దలు పెద్దవి. వంటింట్లో వాళ్ళు గుమ్మం దాకా వచ్చి సంతోషంగా చూసి పోయేవాళ్ళు. బరువెంతని అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళూ లేరు. దండె నిలిచాక తాత తలాడిస్తాడు. అంతే.

ఆ ఏడు తాతకు మోకాళ్ళు పట్టేశాయి. నిలబడలేక తక్కెడ పని కాశింవలికి అప్పగించాడు. వసారా చివర మంచం మీద కూర్చుని చూసేవాడు.

ఒక గురువారం కర్నూలు నుంచి ఒక ఇంజనీరు వచ్చి, పలక మీద తన పిల్లవాణ్ణి కూర్చోబెట్టాడు. బూరెల్లాంటి బుగ్గలు. కాశింవలి నోటి నుంచి మాట దానంతటదే వచ్చింది.

"చబ్బీ."

ఇంజనీరు ముఖం వెలిగింది. "ఇక్కడ ఇంగ్లీషు తెలిసినవాళ్ళు కూడా ఉన్నారే" అన్నాడు భార్యతో.

ఆ ఒక్క ముక్క చాలు. మరుసటి గురువారం నుంచి తక్కెడ దగ్గర ప్రతి మనిషికీ ఒక ఇంగ్లీషు మాట పడటం మొదలైంది. కొత్త పెళ్ళికూతురు నిండుగా, ముద్దుగా ఉంటే "ప్లంప్". వడ్ల వ్యాపారి చెన్నారెడ్డి దిట్టంగా, పెద్దరికంగా కూర్చుంటే "స్టౌట్". ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువనిపిస్తే "ఓవర్‌వెయిట్". అర్థం కాకపోయినా జనానికి నచ్చింది. కలెక్టరు చేతుల మీదుగా ఏదో అందుకున్నట్టు దిగి వెళ్ళేవాళ్ళు.

"ఏం మాటలు బేటా అవి?" అని అడిగాడు తాత ఒకసారి.

"ఎవరి ఒంటికి తగ్గ మాట వాళ్ళకు బాబా. తెలుగులో మనం అందరినీ లావు అనేస్తాం. ఇంగ్లీషులో అట్లా కాదు. పిల్లల మాట పెద్దలకు పనికిరాదు, పెద్దల మాట ఆడపిల్లలకు పనికిరాదు. ఫ్యాట్ అని ఒక మాటుంది, దాన్ని ముఖం మీద అనకూడదు. నేను ఎవరినీ అనలేదు."

తాత ఊఁ కొట్టాడు.

కాశింవలికి ఒక్క కొరత మిగిలింది. ఒబీస్ అని ఒక మాట ఉంది. లావుపాటి పుస్తకాల్లో ఉండే మాట, డాక్టర్ల మాట. క్లాసులో అందరికన్నా ముందు దాని అర్థం చెప్పింది తనే. దాన్ని వాడే అవకాశమే రాలేదు.

సుంకులమ్మ వచ్చింది.

బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీ అంగడి ఆమెది. లారీ వాళ్ళు, బస్సుల వాళ్ళు పొద్దున్నే ఆమె చేతి తిండి తిని గానీ బండి తీయరు. గుట్ట ఎక్కేసరికి ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడింది. ముఖం మాత్రం వెలిగిపోతూ ఉంది. ఆమె కొడుకు ఓబులేసు లారీ మీది నుంచి పడి, నడుము విరిగి ఆసుపత్రిలో పడుకున్నాడు. నడవడేమో అన్నారు. ఇప్పుడు తల్లి వెనకాలే నడిచి వచ్చాడు.

"వచ్చే గురువారం మొక్కు చెల్లిస్తా తాతా" అంది. "బెల్లం ఎంత కొనాల్నో తెలియదు కదా. ఒకసారి కూచుని చూసిపోతా."

కూర్చుంది. బెల్లానికి బదులు రాళ్ళు పెట్టారు. పెడుతూనే ఉన్నారు. వంటింటి వాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. దండె నిలిచేసరికి చూస్తున్న వాళ్ళలో ఎవరో "ఇంత మొక్కు ఈ గుట్ట మీద ఎవరూ చెల్లించలేదప్పా" అన్నారు. సుంకులమ్మ గర్వంగా కొంగు సర్దుకుంది.

కాశింవలి గొంతు సవరించుకున్నాడు.

"ఒబీస్."

"ఏమన్నావు నాయనా? మల్లొకసారి అను."

"ఒబీస్ అమ్మా."

"మంచి మాటేనా?"

"డాక్టర్లు వాడే మాట. పెద్ద చదువుల మాట."

"చెన్నారెడ్డికి ఏం ఇచ్చినావు?"

"స్టౌట్."

"నాది దానికన్నా పెద్దదా?"

"పెద్దదే" అన్నాడు కాశింవలి. అబద్ధం చెప్పలేదు.

సుంకులమ్మ ఆ మాటను జాగ్రత్తగా పట్టుకుని గుట్ట దిగింది. సాయంత్రానికి బస్టాండంతా తెలిసిపోయింది. "దర్గాలో నన్ను ఒబీస్ అన్నారప్పా. రెడ్డికి కూడా ఇయ్యలేదంట ఆ మాట" అని ప్లేటు ప్లేటుకూ చెప్పింది. డ్రైవర్లు తమాషాకు అందుకున్నారు. "ఒబీసమ్మా, రెండు ప్లేట్లు." "ఒబీసమ్మా, మిరపకాయ బజ్జీ వేడిగా ఉండాల." ఆమె పలికేది. నవ్వుతూ పలికేది.

ఆసుపత్రి నర్సు మేరీ సుగుణ రోజూ అక్కడే తినేది. ఆ పిలుపు విని చేతిలోని ఉగ్గాని ప్లేటు బల్ల మీద పెట్టింది.

"ఎవరు పెట్టారమ్మా నీకు ఈ పేరు?"

సుంకులమ్మ చెప్పింది, రెడ్డి సంగతితో సహా. నర్సు ఆమెను పక్కకు తీసుకెళ్ళింది.

"ఒంట్లో కొవ్వు మితిమీరిపోతే మేం చీటీ మీద రాసే మాట అది. జబ్బు మాట. ఒకరోజు ఆసుపత్రికి రా, బీపీ చూస్తా, చక్కెర చూస్తా. అది వేరే. కానీ ఇట్లా పిలిచే పేరు కాదమ్మా అది."

సుంకులమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఒక డ్రైవరు వచ్చి అలవాటుగా పిలిచాడు. ఆమె గరిటె కింద పెట్టింది.

"ఆ పేరుతో పిలిస్తే ఈడ ప్లేటు లేదు. పో."

గురువారం వచ్చింది. ఆటో నిండా బెల్లం తెచ్చి, దాన్ని గుట్ట కింద ఆపి, ఓబులేసు ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు. తాత మంచం దగ్గర నిలబడి తల దించుకున్నాడు.

"మా యమ్మ రాదంట తాతా. బెల్లం తీసుకోమనింది. తక్కెడ మీద మాత్రం కూచోదంట."

"ఎందుకు నాయనా?"

"బస్టాండులో అందరూ నవ్వినారు తాతా. ఆ మాటను ఆమే ఊరంతా చెప్పుకునింది. ఇప్పుడు అంగడి కూడా సగం తలుపే తీస్తాంది. తినేది కూడా లేదు. 'నడిచొచ్చిన కొడుకు కోసం మొక్కినా, ఆ మొక్కు మీద కూచునేదానికి ముఖం లేకపోయె' అని ఏడుస్తాంది." అతను కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరెత్తు మొక్కితే వాళ్ళే కూచోవాల్నంట కదా. మొక్కు తీరనట్టేనా?"

"తీరనట్టే" అన్నాడు తాత.

కాశింవలి తక్కెడ పక్కన నిలబడి అంతా విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. తాత అతని వైపు తిరిగాడు.

"ఆ తల్లిని ఏమన్నావు?"

"ఒబీస్ అన్నాను బాబా. తప్పు మాట కాదు. నిఘంటువులో ఉంది. డాక్టర్లు అదే అంటారు."

"డాక్టరు ఆ మాట అన్నాక ఏం చేస్తాడు?"

"మందు రాస్తాడు. పథ్యం చెబుతాడు. మళ్ళీ రమ్మంటాడు."

"నువ్వేం చేశావు?"

కాశింవలి చూపు ఖాళీ పలక మీదికి పోయింది.

"తర్వాతి మనిషిని పిలిచాను."

తాత మంచం కోడు పట్టుకుని లేచాడు. "తక్కెడ విప్పు" అన్నాడు.

ఆ తక్కెడ గుట్ట దిగడం అంతకుముందు ఎవరూ చూడలేదు. తాత గుట్ట దిగి కూడా ఏళ్ళయింది. కాశింవలి ఇనుప దండెను భుజాన వేసుకున్నాడు. గొలుసులు మెడలో వేసుకున్నాడు. పలకలు ఓబులేసు నెత్తికెత్తుకోబోతే తాత వద్దన్నాడు. "నీ నడుము జాగ్రత్త. కింద బెల్లం ఆటోలో కూర్చుని రా." ఆ పలకలు కూడా కాశింవలి వీపు మీదికే వచ్చాయి. తాత ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించుకుంటూ, కర్ర ఊతంగా ముందు నడిచాడు. కిందికి వచ్చాక ఆటో ఎక్కమన్నా ఎక్కలేదు.

దారిలో కూలికి పోతున్న ఆడవాళ్ళు ఆగారు.

"యాడికి తాతా, తక్కెడ మోసుకుని పోతాండారు?"

"కూర్చునే మనిషి దగ్గరికి."

బస్టాండు చేరేసరికి కాశింవలి చొక్కా పిండుకునేలా తడిసింది. సుంకులమ్మ అంగడి పక్కనే మెకానిక్ షెడ్డు. లారీ ఇంజన్లు పైకి లేపే మూడుకాళ్ళ ఇనుప స్టాండు ఒకటి అక్కడ ఉంది. తాత అడిగితే మెకానిక్ మారు మాట్లాడకుండా దాన్ని రోడ్డు పక్కకు ఈడ్చుకొచ్చాడు. తక్కెడ దానికి వేలాడింది. జనం పోగయ్యారు.

సుంకులమ్మ సగం తలుపు వెనక నుంచి చూసింది.

"తీసకపో తాతా. నీకు దండం పెడతా. నేను కూచోను."

"కూర్చోమని నేను అనలేదే" అన్నాడు తాత.

"మల్ల ఏంటికి తెచ్చినావు?" ఆమె గొంతు లేచింది. "ఈ ఒళ్ళు నేను దొంగిలించి తెచ్చుకున్నానా? పొద్దున నాలుగింటికి లేసి, పొయ్యి ముందర నిలబడి, ఊరికంతా పెట్టి, మిగిలింది తిన్నా. మొగుడు పోయినాక ఈ ఒంటితోనే కొడుకును సాకినా. నన్ను చూసి నవ్వేదానికి ఈ బస్టాండు చాల్లేదని, దర్గా కూడా దిగొచ్చిందా?"

పోబోతున్న బస్సు ఇంజను ఆపింది.

తాత కర్ర పక్కన పెట్టి, ఒక పలక మీద తనే కూర్చున్నాడు. స్టాండు కిర్రుమంది. ఆ పలక నేలను తాకింది, రెండోది గాలిలోకి లేచింది.

"కాశిం, అందరికీ తలా ఒక మాట ఇచ్చావు. నాకివ్వలేదు. నాదేదో చెప్పు."

"బాబా..."

"ఒంటికి తగ్గది చెప్పు బేటా. అందరూ వింటున్నారు."

కాశింవలి నేల చూపులు చూశాడు. "స్టౌట్, బాబా."

"అంటే ఏంది?" తలుపు వెనక నుంచి సుంకులమ్మ అడిగింది.

"వయసొచ్చిన పెద్దమనిషి... దిట్టంగా ఉంటే... గౌరవంగా అనేది."

"గౌరవంగా" అంది ఆమె.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ సుంకులమ్మ బయటికి వచ్చి, తాతను, గాలిలో ఉన్న రెండో పలకను మార్చి మార్చి చూసింది. తాత ఆమెకేసి చూడకుండా మోకాళ్ళు నిమురుకుంటున్నాడు.

ఆమె వెళ్ళి పైకి లేచిన పలకను రెండు చేతులా కిందికి అదిమింది. అదిమి కూర్చుంది.

దండె ఒకసారి ఊగింది. గొలుసులు సాగాయి. సుంకులమ్మ పలక నిదానంగా దిగి నేలను తాకింది. అటు పీరయ్య తాత, జుబ్బాతో, గడ్డంతో సహా, మెల్లగా గాలిలోకి లేచాడు. చెప్పు ఒకటి జారి కింద పడింది. బోసికాలు వేలాడుతూ ఉంది.

నవ్వాలో వద్దో బస్టాండుకు తెలియలేదు. ముందు నవ్వింది సుంకులమ్మే. భుజాలు కదిలేలా, పొట్ట కదిలేలా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది.

"తాతా, నిన్ను లేపినా."

"లేపావు తల్లీ" అన్నాడు తాత పైనుంచి. "మా అమ్మ పోయాక నన్ను ఎత్తినవాళ్ళు లేరు."

కాశింవలి దండె వైపు చూశాడు. పైకి లేచిన వైపు చూశాడు. కిందికి దిగిన వైపు చూశాడు. అతనికి తెలిసిన మాటలన్నీ అక్కడే ఉన్నాయి, రెండు వైపులా. ఏది ఎటు పెట్టాలో తోచలేదు.

మెకానిక్, డ్రైవర్లు కలిసి తాతను దించారు. సుంకులమ్మ లేవలేదు. "ఇంక బెల్లం పెట్టండప్పా" అంది. వీపు నిటారుగా పెట్టి, చేతులు తొడల మీద పెట్టుకుని, పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు కూర్చుంది.

కాశింవలి దిమ్మెలు మోశాడు. ఒక్కోటి పేర్చాడు. ఆటో ఖాళీ అయింది. సుంకులమ్మ పలక నేల వదల్లేదు.

"చాల్లేమ్మా, ఇంచుమించుగా వచ్చింది" అన్నాడు ఒక డ్రైవరు మొహమాటంగా.

"ఇంచుమించు ఎవురికి కావాల?" అంది సుంకులమ్మ. "తక్కువ పంపింది నేనే. సిగ్గేసి తగ్గించి కొన్నా. ఒరే ఓబులేసూ, శెట్టి అంగట్లోకి పో. నా కొడుకు నడిచినాడు. నా ఎత్తు అంటే నా ఎత్తే. ఒక్క పలుకు తగ్గేదానికి లేదు."

ఓబులేసు వెళ్ళాడు. నడుము పట్టుకుని కాస్త వంగి నడిచాడు గానీ, బస్టాండు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచే వెళ్ళాడు, నడిచే వచ్చాడు. అందరూ దారి ఇచ్చారు. ఆమె అటే చూస్తూ ఉంది.

చివరి దిమ్మె పెట్టాక పలక నేల వదిలింది. దండె ఊగి, ఊగి, నిలిచింది.

ఇప్పుడు అందరూ కాశింవలి వైపు తిరిగారు. తక్కెడ నిలిచాక ఏదో ఒక మాట అనేది అతనే కదా. సుంకులమ్మ కూడా అతని వైపే చూసింది. చూపులో కోపం లేదు. జంకు కూడా లేదు.

"అను నాయనా" అంది. "ఈసారి ఏమంటావో విని దిగుతా."

కాశింవలి నోరు తెరిచాడు. మూశాడు.

గుట్ట మీదైతే తక్కెడ పక్కనే గోడ ఉండేది, పట్టుకుని దిగేవాళ్ళు. ఇక్కడ ఏమీ లేదు. ఈమె లేచిన మరుక్షణం అటు బెల్లం దబ్బున కిందికి పడుతుంది, ఇటు పలక ఎగిరి ఆమె కాళ్ళకు కొడుతుంది. అది కాశింవలి గమనించాడు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పలక అంచును రెండు చేతులతో పట్టుకుని, స్టాండు ఇనుప కాలికి తన కాలు మెలేసి, బక్క ఒళ్ళంతా దాని మీద మోపి, కదలకుండా నొక్కి పట్టాడు. భుజం ఆమె చేతికి అందేలా వంచాడు.

సుంకులమ్మ ఒక్క క్షణం ఆగింది. చెయ్యి చాచి, అతని భుజం మీద పూర్తిగా ఆనించి, తొందరపడకుండా లేచింది. ఆ చేతి కింద అతని మెడ నరాలు ఉబ్బాయి. పలక కదల్లేదు. ఆమె రెండు కాళ్ళూ నేల మీద మోపి, అంగడి మెట్టు ఎక్కేదాకా అతను ఆ పట్టు వదల్లేదు.

తాత అంగడి బల్ల మీద కూర్చుని, జారిన చెప్పు తొడుక్కుంటున్నాడు. తలెత్తి శిష్యుణ్ణి చూశాడు.

"ఇప్పుడన్నది బాగుంది, బేటా."